కాలుగాలిన పిల్లి

"కాలుగాలిన పిల్లి" అనే పలుకుబడిని ముప్పై మూడేళ్లు తరగతిగదిలో చెప్పాను. అర్థం రాసి సొంతవాక్యంలో ప్రయోగించమంటే, "పరీక్షా ఫలితాల కోసం రవి కాలుగాలిన పిల్లివలె తిరుగుచుండెను" అని పిల్లలు రాసేవారు. నేను రెండు మార్కులూ వేసేవాణ్ణి. ఆ పిల్లి అలా ఎందుకు తిరుగుతుందో, తిరగక కూర్చుంటే దానికి ఏమవుతుందో ఒక్కనాడైనా ఆలోచించిన పాపాన పోలేదు. అరవయ్యో పడిలో అడుగుపెట్టాక ఆ పిల్లి వచ్చి నా మోకాళ్ల కింద కాపురం పెట్టింది.

రాత్రి పదిన్నరకు పడక చేరతాను. పది నిమిషాలు గడవకముందే పిక్కల లోపల, కండకూ ఎముకకూ నడుమ, ఏదో మొదలవుతుంది. అది నొప్పి కాదు, తిమ్మిరి కాదు, దురద అంతకన్నా కాదు. నలభై ఏళ్లు మాటలతో బతికినవాణ్ణి, దానికి మాట దొరకలేదు. కాలు కదిపితే పోతుంది, ఆపితే వస్తుంది. లేచి వరండాలో నడిస్తే పూర్తిగా మాయమవుతుంది. ఇంక పోయిందిలే అని పడుకుంటే నాకంటే ముందు అదే మంచం ఎక్కి ఉంటుంది. తెల్లవారుజామున మూడు, మూడున్నరకు గాని కన్ను మూతపడదు. మూతపడ్డాకనైనా శాంతి ఉందా అంటే, అది నాకు ఉందేమో గాని మా ఇంటావిడకు లేదు. నిద్రలో నా కాళ్లు ఇరవై, ముప్పై సెకన్లకొకసారి ఉలిక్కిపడి తంతాయట. నాకు తెలియదు. ఒక రాత్రి ఆ తన్ను ఆమె మోకాటిచిప్పకు తగిలి వారం రోజులు కుంటింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఒకే గదిలో పడుకున్న మనిషి, ఆ మర్నాడు దిండూ దుప్పటీ తీసుకొని హాల్లోకి మారిపోయింది. కోపంతో కాదు. అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఒక వైద్యుడు "నరాల బలహీనత" అని బలం మాత్రలు రాశాడు. మరొకాయన వయసు అన్నాడు. ఇంకొకరు నిద్రమాత్ర ఇచ్చారు. నిద్ర కళ్లకు వచ్చింది, కాళ్లకు రాలేదు. అప్పుడు, నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు, నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ చేయించుకొని బాగుపడినవాడు, నన్నూ అక్కడికి లాక్కుపోయాడు. పండితుల జబ్బు మీకు తెలిసినదే: ఒంట్లో సూది దిగేలోపు ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. అలా మొదలైన వెదుకులాట ఇది. రోగచరిత్ర ఒక దారి, సూదిచరిత్ర మరొక దారి. రెండూ నా పిక్కల దగ్గర కలిశాయి.

ముందు మనవాళ్లను అడిగాను. చరకుడు సూత్రస్థానం ఇరవయ్యో అధ్యాయంలో వాతరోగాలు 80 లెక్కపెట్టాడు. అందులో పాదసుప్తత ఉంది, అంటే పాదాలు మొద్దుబారడం. పిండికోద్వేష్టనం ఉంది, అంటే పిక్కలు మెలిపెట్టడం. సుశ్రుతుడు నిదానస్థానంలో పాదహర్షమనే దానిని చెప్పాడు. నా విద్యార్థులెవరైనా దీనిని "పాదముల సంతోషము" అని అనువదించి ఉండేవారు. ఇక్కడ హర్షమంటే రోమహర్షంలోని హర్షం, జివ్వుమనడం. చదువుతుంటే ఆశ పుట్టింది. కాని నా రోగానికి ప్రాణం వంటి లక్షణం ఒకటుంది కదా: విశ్రాంతిలోనే రావడం, రాత్రే పెరగడం, నడిస్తే పోవడం. ఈ మూడూ కలిసిన వర్ణన ఆ పేర్లలో దేనికీ నాకు కనబడలేదు. అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయనే వాదం నాకు పడదు. లేనిదానిని ఉన్నదని లాగితే ఉన్నవాటికి విలువ తగ్గుతుంది.

ఈ రోగాన్ని గుర్తుపట్టేటట్టుగా మొదట రాసినవాడు ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్. 1621లో పుట్టాడు, 1675లో పోయాడు. మెదడు అడుగున రక్తనాళాలు కలిసి చేసే వలయానికి నేటికీ ఆయన పేరే ఉంది. 1672లో లాటిన్‌లో ప్రకటించిన "డి అనిమా బ్రూటోరమ్" అనే గ్రంథంలో నిద్రలేమి గురించి చెబుతూ ఈ మనుషులను పట్టుకున్నాడు. పడక చేరగానే వీరి చేతులలో, కాళ్లలో స్నాయువులు ఎగిరిపడతాయనీ, అవయవాలు ఒక్కచోట నిలవవనీ, చిత్రహింసల కొట్టులో పడ్డవారికంటె వీరికి నిద్ర ఎక్కువ దొరకదనీ ఆయన చెప్పిన భావం. ఈ పోలిక చదివినప్పుడు అర్ధరాత్రి రెండయింది. వరండాలో నిలబడి చదువుతున్నాను, కూర్చోలేక. మూడు వందల యాభై ఏళ్ల కిందటి మనిషి నా భుజం మీద చెయ్యి వేసినట్లయింది. ఆయన ఇచ్చిన మందు నల్లమందు కషాయం. నవ్వకండి. ఇతర మందులకు లొంగని తీవ్రమైన కేసులలో ఆ జాతి మందులను తక్కువ మోతాదులో, జాగ్రత్తగా ఈనాటికీ వాడుతున్నారు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. విల్లిస్ లాటిన్ గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం 1683లో లండన్‌లో అచ్చయింది. సరిగ్గా అదే ఏడు, అదే లండన్‌లో, విల్లెమ్ టెన్ రైనె అనే డచ్చి వైద్యుని లాటిన్ పుస్తకమూ వెలువడింది. ఆయన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1674 నుంచి 1676 వరకు నాగసాకి రేవులోని దెషిమా అనే చిన్న దీవిలో ఉన్నాడు. అక్కడ జపాను వైద్యులు చేసే సూదివైద్యాన్ని చూశాడు. లాటిన్‌లో సూదికి ఆకుస్, పొడవడానికి పుంక్తూర. ఆ రెండూ సమాసం చేసి "ఆకుపుంక్తూర" అన్నాడు. మనం ఇప్పుడు బోర్డుల మీద చూసే మాట అదే. రోగమూ, నేను దానికి వెతుక్కున్న సూదీ ఒకే ఏడు ఒకే ఊళ్లో అచ్చుయంత్రం ఎక్కాయి. రెండు పుస్తకాలూ పక్కపక్క దుకాణాల్లో దుమ్ము పట్టి ఉంటాయేమో గాని, ఒకదాని సంగతి మరొకదానికి తెలియడానికి ఇంకా మూడు శతాబ్దాలు పట్టింది.

చీనావారు ఈ వైద్యాన్ని వట్టి సూది అనరు. "ఝెన్‌జియు" అంటారు. ఝెన్ అంటే సూది, జియు అంటే ఆకు కాల్చి కాపడం పెట్టడం. ద్వంద్వసమాసం. టెన్ రైనె సమాసంలో రెండో పదం జారిపోయింది. ఆ కాల్చే ఆకు ఏమిటని మా వైద్యుణ్ణి అడిగితే ఒక చుట్ట తీసి చేతిలో పెట్టాడు. వాసన చూడగానే వినాయకచవితి గుర్తొచ్చింది. ఏకవింశతి పత్రపూజలో మొట్టమొదట పూజించే మాచిపత్రి ఏ జాతి మొక్కో, ఆ చీనా ఆకూ ఆ జాతిదే. జపానువారు దానిని మొగుస అంటారు, అది పాశ్చాత్యుల నోట మాక్సా అయింది. జపాను కవి బషో 1689లో తన సుదీర్ఘ పాదయాత్రకు బయలుదేరే ముందు మోకాలి కింద ఈ కాపడమే పెట్టుకున్నట్టు తన యాత్రాగ్రంథంలో చెప్పుకున్నాడు. ఆ తావుకు చీనా పేరు జుసాన్‌లి. "కాలి మూడు లి" అని అర్థం. లి దూరానికి కొలత. అలసిన కాలికి అక్కడ సూది పెడితే ఇంకో మూడు లిలు నడుస్తుందని ఆ పేరుకు వ్యాఖ్యానం చెబుతారు. నాకు కావలసింది నడవడం కాదు, నడవకుండా ఉండడం. అయినా నాకూ మొదటి సూది అక్కడే దిగింది.

సూదివైద్యం అయిదువేల ఏళ్ల నాటిదని కరపత్రాల్లో వేస్తారు. ఆధారాలు అంత వెనక్కి పోవు. 1973లో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయి సమాధులలో పట్టు మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. ఆ సమాధి మూసినది క్రీ.పూ. 168లో. ఒంట్లో పదకొండు మార్గాలు ఉన్నాయని అవి చెబుతాయి, ఏ మార్గం చెడితే ఏ రోగమో చెబుతాయి, చికిత్స మాత్రం కాపడమే. ఆ మార్గాల చికిత్సలో సూది ఊసు లేదు. క్రీ.పూ. 113లో చనిపోయిన ల్యూ షెంగ్ అనే రాజవంశీకుని సమాధిని 1968లో తవ్వితే బంగారు సూదులు నాలుగు, వెండి సూదులు అయిదు బయటపడ్డాయి. హ్వాంగ్‌ది నేజింగ్ అనే మూలగ్రంథం రూపుదిద్దుకున్నదీ ఇంచుమించు ఆ కాలపు శతాబ్దాల్లోనే. అంటే రెండువేల ఏళ్ల పైమాట అని ధైర్యంగా చెప్పవచ్చు. అది తక్కువా?

ఆ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి హ్వాంగ్‌ఫు మి. క్రీ.శ. 215లో పుట్టి 282లో పోయాడు. వైద్యుడై రోగులకోసం రాసినవాడు కాదు. నడివయసులో వాతం కమ్మి ఒక పక్క చచ్చుబడి, చెవి వినబడక, తన ఒంటికోసం పాత గ్రంథాలన్నీ ముందేసుకొని కూర్చున్న పండితుడు. ఆ ఫలితం "జెన్‌జియు జియాయి జింగ్", సూదులూ కాపడమూ అన్న విషయం మీద క్రమబద్ధమైన మొదటి పెద్ద గ్రంథం. 349 తావులు అందులో ఉన్నాయి. రోగం వచ్చి పుస్తకాల్లో పడ్డవాడు నేనొక్కణ్ణే కాదన్నమాట.

వాంగ్ వెయ్‌యి సంగతి ఉపాధ్యాయులు తప్పక వినాలి. సోంగ్ వంశపు చక్రవర్తి ఆజ్ఞ మీద 1027 ప్రాంతంలో ఈయన మనిషంత కంచు బొమ్మలు రెండు పోయించాడు. ఒళ్లంతా తావులున్నచోట రంధ్రాలు. పరీక్షనాడు బొమ్మకు పైన మైనం పూసి, లోపల ద్రవం నింపేవారట. విద్యార్థి సూది గుచ్చాలి. తావు సరైనదైతే ద్రవం బొట్టుగా కారుతుంది, తప్పితే సూది దిగదు. ఇన్నేళ్లు ప్రశ్నపత్రాలు తయారుచేశాను, ఇంత నిష్పక్షపాతమైన మూల్యాంకనం నా ఊహకు అందలేదు. సిఫారసు చేసినంతమాత్రాన కంచు కరగదు కదా!

అంత గౌరవం చూసిన విద్యే 1822లో రాజాజ్ఞతో చక్రవర్తి వైద్యశాలలోంచి వెళ్లగొట్టబడింది. చక్రవర్తి దేహానికి సూది గుచ్చడం, నిప్పు పెట్టడం తగదన్నారు. 1929లో ఏకంగా చీనా దేశీయ వైద్యాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చి, వైద్యులు వీధికెక్కితే ఆగింది. 1949 తర్వాత కొత్త ప్రభుత్వం దానిని మళ్లీ నెత్తికెత్తుకుంది. అందులో నమ్మకం ఎంతో, ఊరూరికీ పంపేందుకు డాక్టర్లు లేని అవసరం ఎంతో చెప్పడం కష్టం. 1971 జులైలో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగులో ఉండుకపుచ్చం శస్త్రచికిత్స జరిగింది. అది మామూలు మత్తుమందుతోనే జరిగింది. తర్వాత కడుపు ఉబ్బరానికి మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టారు. ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో అదే రాశాడు. జనం నోట పడేసరికి సూదులతోనే కోత కోశారన్న కథ అయింది. వార్త అచ్చులో ఒకటి, నోట్లో మరొకటి.

మన దేశానికి ఈ సూది వచ్చిన దారి వేరు, అది అమెరికా మీదుగా రాలేదు. 1938లో, జపాను దండయాత్రలో నలుగుతున్న చీనాకు కాంగ్రెసు అయిదుగురు డాక్టర్లను పంపింది: అటల్, చోల్కర్, కోట్నిస్, ముఖర్జీ, బసు. షోలాపూరు బిడ్డ ద్వారకానాథ్ కోట్నిస్ 1942 డిసెంబరులో అక్కడే, 32 ఏళ్లకే, కన్నుమూశాడు. శాంతారాం తీసిన సినిమా వల్ల ఆయన పేరు మా తరం ఇళ్లలో కూడా తెలుసు. బిజయ్‌కుమార్ బసు పేరు అంతగా తెలియదు. తిరిగి వచ్చిన ఆయన 1950లలో మళ్లీ చీనా వెళ్లి సూదివైద్యం నేర్చుకొని, 1959లో కలకత్తాలో చికిత్స ప్రారంభించాడు. మూడేళ్లకే 1962 యుద్ధం. చీనా మాట ఎత్తితేనే అనుమానంగా చూసే రోజుల్లో చీనా సూది పట్టుకొని కూర్చోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ విత్తనమే పెరిగింది. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి చట్టం చేసింది. కేంద్రం 2019లో గుర్తింపు ఇచ్చింది. నాకు సూదులు పెట్టినాయన కూడా కలకత్తాలో నేర్చుకొని వచ్చినవాడే. బసుగారి పటం ఆయన గోడ మీద ఉంది. ఎవరో బంధువు అనుకున్నాను మొదటిరోజు.

ఇక రోగం కథ ఎక్కడ ఆపాను? విల్లిస్ తరువాత దానిని దాదాపు అందరూ మరిచిపోయారు. 1861లో జర్మనీలో విట్‌మాక్ అనే ఆయన "ఆంక్సియెటాస్ టిబియారమ్" అని పేరు పెట్టాడు, జంఘలకు కలిగిన ఆందోళన అని. పేరు కావ్యంలా ఉంది గాని, దానిని హిస్టీరియాలో భాగమని తేల్చాడు. అక్కడినుంచి ఎనభై ఏళ్లు ఇది నరాల మనుషుల, ముఖ్యంగా స్త్రీల, చాదస్తంగానే చెలామణీ అయింది. 1944-45లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ రోగులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి విని, ఇది చాదస్తం కాదు, రోగమేనని నిలబెట్టాడు. "రెస్ట్‌లెస్ లెగ్స్" అన్న పేరు ఆయనదే. ఇది కుటుంబాల్లో వస్తుందనీ, గర్భిణులలో, రక్తహీనులలో కనబడుతుందనీ గమనించాడు. 1953లో ఆయన దేశంవాడే నోర్డ్‌లాండర్ ఇనుము రక్తంలోకి ఎక్కించి ఉపశమనం చూపించాడు. నిద్రలో తన్నులు వేరే సంగతి అని, అవి ఈ రోగుల్లో చాలామందికి తోడుగా ఉంటాయని 1960లలో ఇటలీలోని బొలోన్యాలో రాత్రంతా యంత్రాలు తగిలించి నమోదుచేశారు. మా ఇంటావిడ యంత్రం లేకుండానే నమోదుచేసింది.

1982లో తుర్కీ వైద్యుడు అక్‌పినార్ లెవోడోపా అనే మందు దీనికి పనిచేస్తుందని ప్రకటించాడు. ఈ లెవోడోపాకు మన ఇంటి పెరటితో చుట్టరికముంది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దీనిని దూలగొండి గింజలనుంచి వేరుచేసి చూపారు. ఒళ్లంతా దురద పుట్టించే ఆ దూలగొండికి మన నిఘంటువుల్లో మరో పేరు పిల్లియడుగు! కాలుగాలిన పిల్లికి మందు పిల్లియడుగులో ఉన్నదని ఏ అవధానిగారైనా పూరణ చేసి ఉంటే చప్పట్లు కొట్టేవాళ్లం. అయితే గింజలు ఏరుకోవడానికి పెరట్లోకి పరుగెత్తకండి. ఆ మందూ, తరువాత వచ్చిన దాని బంధువులూ కొన్నేళ్లు చక్కగా పనిచేసి, ఆ పైన రోగాన్ని సాయంత్రానికి, మధ్యాహ్నానికి జరుపుతాయని 1996 నుంచి తెలుసు. ఆ బంధువులు కొందరికి జూదం పిచ్చి కూడా పట్టించాయి. 2025లో అమెరికా నిద్రవైద్యుల సంఘం వెలువరించిన సూచనలు వాటిని మామూలుగా ఇవ్వవద్దనే చెప్పాయి. ముందు ఇనుము నిల్వలు చూడమన్నాయి.

ఇనుము మాట నాకు చెప్పినది పుస్తకం కాదు, సూదివైద్యుడు. మొదటిరోజు నా గోడు విని, నాడి చూసి, నాలుక చూసి, ఆయన అన్నమాట: "మాస్టారూ, సూదులు పెడతాను. కాని మీరు రేపు రక్తపరీక్ష చేయించుకొని రండి. ఫెరిటిన్ అని అడగండి." తన విద్యకు బయటి మాట తానే చెప్పడం నాకు నచ్చింది. జలుబు చేసినప్పుడు నేను వేసుకునే మత్తు మాత్రలు ఈ రోగాన్ని రేపుతాయని చెప్పినదీ ఆయనే.

సూదులు వెంట్రుకకన్న కొంచెం లావు. మోకాలి కింద జుసాన్‌లి, పిక్క మధ్య చెంగ్‌షాన్, చీలమండ పైన సాన్‌యిన్‌జియావ్, పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ నడుమ తైచోంగ్. గుచ్చినప్పుడు చీమకుట్టినంత, గుచ్చి కొంచెం తిప్పగానే లోపల బరువుగా, లాగినట్లుగా ఒకటి పాకుతుంది. ఆ పాదం మీది సూదిని చూస్తూ పడుకున్నప్పుడు సుశ్రుతుడు మళ్లీ గుర్తొచ్చాడు. పాదదాహం, పాదహర్షం వంటివాటికి క్షిప్రమర్మానికి రెండంగుళాల పైన వ్రీహిముఖంతో సిరను వేధించమన్నాడు, శారీరస్థానంలో. వ్రీహి అంటే వడ్లగింజ. వడ్లగింజ మొన వంటి పరికరం. క్షిప్రమర్మం ఉండేది బొటనవేలికీ పక్కవేలికీ నడుమనే! ఆ చోటికి చాలా దగ్గరలో నాకు చీనా సూది నిలబడి ఉంది. సుశ్రుతుడు నెత్తురు తీయమన్నాడు, ఈయన చుక్క నెత్తురు రానివ్వలేదు. సిద్ధాంతాలు వేరు, కాబట్టి ఒకరినుంచి మరొకరు తీసుకున్నారని అనను. రెండు దేశాల పెద్దలు కాలి బాధకు చెయ్యి పెట్టిన చోటు ఒక్కటే అయిందని మాత్రం అంటాను.

వారానికి రెండు చొప్పున ఆరు వారాలు, పన్నెండు సార్లు వెళ్లాను. మొదటి రాత్రి నాలుగు గంటలు వరుసగా నిద్రపోయాను. రెండోసారి తరువాత ఏమీ లేదు. మూడో వారంలో ఫలితం వచ్చింది: ఫెరిటిన్ 14. ఈ రోగులకు 75 లోపుంటే ఇనుము ఇవ్వాలంటారు. మగవాడికి ఇంత తక్కువ ఎందుకుందో చూడాలని ఆస్పత్రికి పంపితే, మోకాలి నొప్పికి ఏళ్ల తరబడి నేను సొంతవైద్యంగా మింగిన మాత్రలు కడుపులో పుండు చేసి, రోజూ కాస్త కాస్తగా నెత్తురు పోనిస్తున్నాయని తేలింది. సూదివైద్యుడు పరీక్ష అడగకపోయి ఉంటే ఆ పుండు సంగతి ఎలా తెలిసేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ మాత్రలు మానాను, ఇనుము మొదలుపెట్టాను, సూదులూ సాగాయి. రెండు నెలలకు వారంలో అయిదు రాత్రులు నిద్ర పట్టింది.

సూదిచేతనా, ఇనుముచేతనా? తృతీయావిభక్తి రెండింటికీ అతుకుతోంది. ఆ మాటకొస్తే సూదీ ఇనుమే. 2008లో కాక్రేన్ సమీక్షకులు ఈ రోగంలో ఆక్యుపంక్చర్ మీద జరిగిన 14 ప్రయోగాలు పరిశీలించి, 12 ప్రమాణానికి నిలవవని పక్కన పెట్టారు. మిగిలిన రెండింటిలో రోగులు 170 మంది. ఔననడానికీ కాదనడానికీ ఆ ఆధారం చాలదన్నారు. నా ఒక్కడి అనుభవం ఆ తక్కెడలో ఆవగింజంత కూడా బరువు తూగదు. ఒకటి మాత్రం గమనించదగ్గది. ఆ 2025 సూచనలలోనే, మోకాలి కింద బయటివైపు పోయే పెరోనియల్ నరాన్ని రెండు కాళ్లకూ పట్టీ కట్టి విద్యుత్తుతో ప్రేరేపించే పరికరాన్ని కొన్ని షరతులతో సూచించారు. జుసాన్‌లి ఉన్నదీ ఆ నరపు శాఖ దారిలోనే. ఇది సూదివైద్యానికి రుజువని సంబరపడేవారున్నారు, నేను కాను. వాగు దాటే చోట పాత కాలిబాట మీదే కొత్త వంతెన వేస్తే, కాలిబాట వేసినవాడికి ఇంజనీరింగు వచ్చని కాదు కదా. అక్కడ వాగు సన్నమని వాడికి తెలుసునంతే.

ఇంతసేపూ చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. మా అమ్మ.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, 1960ల చివర, రాత్రి మెలకువ వస్తే అమ్మ పెరట్లో నడుస్తూ కనబడేది. బావి దగ్గరనుంచి దొడ్డివాకిలి దాకా, మళ్లీ వెనక్కి. మంచం మీద ఉంటే పాత చీర అంచు చింపి రెండు పిక్కలకూ బిగించి కట్టుకునేది. "పిక్కలు తొక్కరా నాన్నా" అనేది. నేను గోడ పట్టుకొని ఆమె కాళ్ల మీద నిలబడి తొక్కుతూ తొక్కుతూ నిద్రలోకి తూలేవాణ్ణి. ఏడు పురుళ్లు పోసుకున్న మనిషి. ఒంట్లో ఇనుము ఎక్కడుంటుంది? మా నాయనమ్మ "దానికి రాత్రి తిరుగుడు జబ్బు" అనేది. తరువాత గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. చేతబడి అన్నవారూ ఉన్నారు. నలుగురూ చేరినప్పుడు కాళ్లు ఊపుతున్నదని, ఇంటికి దరిద్రమని, ఆమెను ఎన్నిసార్లు అదిలించారో. పగలు పనిలో తూలిపోతే సోమరి అన్నారు. విట్‌మాక్ హిస్టీరియా జర్మనీలోనే కాదు, మా పెరట్లోనూ ఉంది. ఎక్‌బోమ్ పుస్తకం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

నేను మాత్రం ఏం తక్కువ చేశాను? బల్ల కింద కాలు ఊపే పిల్లవాణ్ణి "ఆ కాలు ఆపరా" అని నిలబెట్టిన రోజులున్నాయి. ఒకడు మరీ. తొమ్మిదో తరగతి, మూడో బెంచీ. వాణ్ణి పీరియడంతా నిలబెట్టేవాణ్ణి. నిలబడితే వాడి మొహం తేటగా ఉండేది; అది పొగరనుకున్నాను.

ఈ ఏడాది హైదరాబాదునుంచి మా అమ్మాయి ఫోను చేసింది. ఏడో నెల. "నాన్నా, రాత్రిళ్లు కాళ్లు నిలవడం లేదు. డాక్టరుకు ఎలా చెప్పాలో తెలియడం లేదు" అంది. ఏ మాటలతో చెప్పాలో చెప్పాను, ఏ పరీక్ష అడగాలో చెప్పాను. గర్భంతో ఉన్నప్పుడు డాక్టరుకు తెలియకుండా సూదులు వద్దన్నాను; చీలమండ పైని సాన్‌యిన్‌జియావ్ తావును గర్భిణులకు సూదివైద్యులే వాడరు. వచ్చే వారం ఫలితం రావాలి. ఫోను పెట్టేముందు, "నానమ్మకూ ఇదేనా?" అని అడిగింది. ఔనన్నాను. ఆ చీర అంచు సంగతి చెప్పాను. కాసేపు అవతల మాట లేదు.

మా ఇంటావిడ దిండూ దుప్పటీ తిరిగి గదిలోకి వచ్చాయి. రెండు మంచాల మధ్య ఒక మూర ఎడం మాత్రం ఉంచింది.